కాఫీ రుచికి తీర్పరులెవరు?

కాఫీ రుచి పరీక్ష జరిగే గదిలోకి మొదటిసారి అడుగుపెట్టినవారికి ముందుగా వినిపించేది జుర్రుకునే చప్పుడు. బల్ల మీద ఒకే కొలత గల గిన్నెలు వరుసగా ఉంటాయి. ఒక్కో గిన్నెలో కాస్త ముతకగా పట్టిన కాఫీ పొడి, దాని మీద మరిగి కొద్దిగా తేరిన నీళ్ళు. నాలుగు నిమిషాలు గడిచాక పైన కట్టిన తెట్టును చెంచాతో పక్కకు నెడుతూ, ముక్కు గిన్నెకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా వంగి వాసన చూస్తారు. ఆపైన చెంచాడు కాఫీని గాలితో సహా గట్టిగా జుర్రి, నోరంతా తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తారు. ఇళ్ళలో పిల్లలు చేస్తే పెద్దలు కసిరే పనులన్నీ ఇక్కడ విధులు. ఈ పరీక్షకు కప్పింగ్ అని పేరు.

ఇవాళ కప్పింగ్ అంటే కాఫీ రసజ్ఞతకు మారుపేరు. పెద్ద నగరాలలో కాఫీ వేయించి అమ్మే దుకాణాలు వారాంతాల్లో దీన్ని తరగతులుగా నేర్పుతున్నాయి. కానీ ఈ బల్ల పుట్టింది రసజ్ఞుల కోసం కాదు. ఎక్కడి నుంచో ఓడలో వచ్చిన మూటలకు కొనుగోలుదారు వెల కట్టడానికి పుట్టింది. అందుకే కాఫీ రుచి చూడటం నేర్చుకోవడమనేది నాలుకకు ఇచ్చే శిక్షణతో ముగిసిపోయే విషయం కాదు. ఆ బల్ల దగ్గర ఎవరికి చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నదాన్ని బట్టి ‘మంచి కాఫీ’ అన్న మాటకు అర్థం మారుతూ వచ్చింది. మైసూరు కొండలకూ, మద్రాసు కాఫీ పొడి దుకాణాలకూ, అరకు లోయకూ ఆ చరిత్రలో భాగం ఉంది.

కంటితో నడిచిన బేరం

పంతొమ్మిదవ శతాబ్దిలో చాలాకాలం కాఫీ బేరం కంటితోనే నడిచింది. గింజ ఎంత పెద్దది, ఏ రంగులో ఉంది, గింజలన్నీ ఒకే తీరుగా ఉన్నాయా, ఏ రేవు నుంచి వచ్చాయి అన్నవే ధరను నిర్ణయించేవి. జావా, మోకా అన్న ఊరి పేర్లు నాణ్యతకు బిరుదులుగా మారాయి. తెరచాప ఓడల్లో నెలల తరబడి తేమకు ఉబ్బి గోధుమ రంగుకు తిరిగిన ‘పాత జావా’ గింజలకు అమెరికాలో గిరాకీ ఉండటంతో, చవక రకాలకు రంగులు అద్ది ఆ రూపం తెప్పించే వ్యాపారం కూడా సాగింది. ఆ రంగులలో కొన్ని విషపదార్థాలు. కొనేవాడు కంటిని నమ్మినంతకాలం అమ్మేవాడు కంటినే మోసగించాడు.

1882లో న్యూయార్కులో కాఫీ ఎక్స్ఛేంజి ప్రారంభమైంది. అక్కడ చేతులు మారేది కాఫీ కాదు, కాఫీ ఒప్పందాలు. సరుకు చూడకుండా బేరం కుదరాలంటే నాణ్యతను అంకెలలోకి దించాలి. అందుకోసం శాంపిల్‌లోని నల్ల గింజలు, విరిగిన ముక్కలు, పుల్లలు, రాళ్ళు లెక్కపెట్టి, ఆ దోషాల మొత్తాన్ని బట్టి తరగతులు ఏర్పరిచారు. లెక్కకు అందేది మాత్రమే నాణ్యత అయింది. దోషాలు తక్కువగా ఉన్న కాఫీ తాగడానికి కూడా బాగుంటుందా అన్న ప్రశ్నకు ఆ పట్టికలో చోటు లేదు.

ఆ ప్రశ్న అడిగినవారు అమెరికా పడమటి తీరంలో కనబడతారు. శాన్ ఫ్రాన్సిస్కో రేవుకు మధ్య అమెరికా దేశాల కాఫీ ఎక్కువగా వచ్చేది. క్లారెన్స్ బిక్‌ఫర్డ్ అనే బ్రోకరు అక్కడ శాంపిల్‌ను వేయించి, కాచి, తాగి చూసి బేరం చేయడాన్ని ప్రచారంలోకి తెచ్చాడని కాఫీ చరిత్రకారులు చెబుతారు. గ్వాతెమాలా ఎత్తు కొండలలో పండే గింజలు చూపుకు చిన్నవి. కంటి బేరంలో వాటికి విలువ తక్కువ. కప్పులో మాత్రం అవి పల్లపు తోటల పెద్ద గింజలను మించిపోయాయి. ఎత్తున చలికి పండు నెమ్మదిగా పక్వానికి రావడం, గింజ గట్టిపడటం అందుకు కారణాలు. మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చి 1878లో ఆ ఊళ్ళో వ్యాపారం పెట్టిన హిల్స్ సోదరులు ఈ పరీక్షను తమ కొనుగోళ్ళకు ఆధారంగా చేసుకున్నారు. పసుపు అంగీ తొడిగిన అరబ్బు ఒకడు కప్పెత్తి కాఫీ తాగుతున్న బొమ్మ ఆ సంస్థ గుర్తు. దానికి వారు పెట్టుకున్న పేరు ‘టేస్టర్’. రుచి చూడటం అప్పటికి గర్వంగా చాటుకునే వృత్తి అయిందనడానికి ఆ బొమ్మే సాక్ష్యం.

ముక్కు చేసే పని

జుర్రడం వెనక శాస్త్రం ఉంది. నాలుక గుర్తించే మూల రుచులు కొద్దిపాటివే. వేయించిన కాఫీలో రసాయన శాస్త్రజ్ఞులు గుర్తించిన ఆవిరయ్యే పదార్థాలు ఎనిమిది వందలకు పైబడి ఉన్నాయి. ఇవి నోటి వెనక నుంచి ముక్కులోకి ఎగబాకినప్పుడే ‘కాఫీ రుచి’ అని పిలిచేది పూర్తవుతుంది. జలుబు చేసిన రోజున కాఫీ వేడి చేదునీళ్ళుగా తోచడానికి కారణమిదే. గట్టిగా జుర్రితే ద్రవం తుంపరలై నోరంతా పరుచుకుంటుంది, వాసనలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. చల్లారేకొద్దీ మళ్ళీ మళ్ళీ చూడటం కూడా పరీక్షలో భాగం. పొగలు కక్కే కాఫీలో వేడి అనేక లోపాలను కప్పిపుచ్చుతుంది. గోరువెచ్చనయ్యాక పులుపు, తీపి, మట్టివాసన వంటివి విడివిడిగా తేలతాయి.

తొలినాటి పరీక్షకుడు వెతికింది ప్రధానంగా తప్పులనే. వాటిలో పేరుమోసినది బ్రెజిల్ వ్యాపారులు ‘రియో’ అని పిలిచే రుచి. ఆస్పత్రిలో మందుల సీసా మూత తీసినట్లుండే ఆ వాసనకు ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం మూలమని తరువాత తేలింది. బిరడా చెడిన వైన్‌లో వచ్చే దుర్వాసనా దానిదే. కంటికి నిగనిగలాడే మూటలో ఈ గింజలు కొన్ని ఉన్నా సరుకంతా చెడుతుంది. అందుకే ఒకే శాంపిల్‌కు ఐదు గిన్నెలు పెట్టే అలవాటు నిలిచింది. నాలుగు బాగుండి ఐదోది చెడితే ఆ మూటను నమ్మలేమని అర్థం.

ఇంత సూక్ష్మమైన పరీక్షా రేవులో, కొనేవాడి గదిలో, కొనేవాడి నాలుకతో జరిగేది. పండించినవాడికి చేరేది తీర్పు మాత్రమే. అదీ ధర రూపంలో. తన కాఫీలో వచ్చిన పులిసిన వాసనకు పండ్లను ఆలస్యంగా గుజ్జు తీయడం కారణమా, తడి నేల మీద ఆరబెట్టడం కారణమా అన్నది అతనికి చెప్పేవారుండరు. తాగి చూసుకుందామంటే మేలు గింజలు అప్పటికే ఓడ ఎక్కి ఉంటాయి. లాటిన్ అమెరికా దేశాలలో ఎగుమతికి పనికిరాని ఏరు గింజలే చిరకాలం ఇంటి కాఫీ అయ్యాయి. ఇథియోపియా దీనికి గొప్ప మినహాయింపు. అక్కడ ఇంట్లోనే పచ్చి గింజలు వేయించి, దంచి, మట్టికూజాలో కాచి, అబోల్, తోనా, బరకా అని మూడు విడతలుగా పంచే ఆచారం ఉంది. పండినదానిలో సుమారు సగం ఆ దేశంవారే తాగుతారు. పండించేవారే తీర్పరులైన చోట వర్తకుల బల్లతో నిమిత్తం లేకుండానే రసజ్ఞత వర్ధిల్లిందనడానికి అది నిదర్శనం.

పూల్‌లో కలిసిన తోటలు

బాబా బుడన్ మక్కా యాత్ర నుంచి తిరిగివస్తూ ఏడు గింజలు రహస్యంగా తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటాడని పదిహేడవ శతాబ్దికి ముడిపెట్టి చెప్పే ఐతిహ్యం ప్రసిద్ధమే. తోటల వ్యవసాయం విస్తరించింది పంతొమ్మిదవ శతాబ్దిలో, ఆంగ్లేయుల పెట్టుబడితో. పంట చాలావరకు ఐరోపాకు పోయేది. 1930ల ఆర్థిక మాంద్యంలో ధరలు కూలాయి. ఆపైన రెండవ ప్రపంచయుద్ధం ఐరోపా విపణిని మూసివేసింది. తోటలను కాపాడటానికి ప్రభుత్వం 1940లో ఒక ఆర్డినెన్సు, 1942లో కాఫీ చట్టం తెచ్చింది. అప్పుడు ఏర్పడిన కాఫీ బోర్డు చేతికి పంట మొత్తం అప్పగించాలి. ఉమ్మడి నిల్వలో చేరిన దానిని బోర్డు వేలం వేసి, ఆ రాబడిని రైతులకు విడతలుగా పంచేది. ఈ ఏర్పాటునే ‘పూల్’ అన్నారు.

పూల్ చేసిన మేలు తక్కువది కాదు. చిన్న రైతుకు దళారి బెడద తప్పింది, తన పంట అమ్ముడుపోతుందన్న భరోసా దక్కింది. బోర్డు ప్రచారంతో, కాఫీ హౌసులతో దేశంలో కాఫీ తాగేవారు పెరిగారు. కానీ రుచి విషయంలో అది ఒక మరపును కూడా తెచ్చింది. కడిగి ఆరబెట్టిన అరబికాకు ‘ప్లాంటేషన్’, పండుతోనే ఎండబెట్టిన దానికి ‘చెర్రీ’, కడిగిన రోబస్టాకు ‘పార్చ్‌మెంట్’ అన్న వర్గాలు, వాటిలో గింజ పరిమాణాన్ని బట్టి ఏ, బి, సి తరగతులు, ఒంటి గింజకు పీబెర్రీ అన్న పేరు. ఒకే తరగతిలో పడిన రెండు తోటల కాఫీలు ఒకే రాశిలో కలిసిపోయేవి. ఎత్తు కొండ మీద, వర్షాన్ని కనిపెట్టుకుంటూ, పండిన పండునే ఏరి కోసిన రైతు కాఫీకీ, ఆ శ్రమ పడని పొరుగువాడి కాఫీకీ దాదాపు ఒకే వెల పలికినప్పుడు రుచి కోసం ఎవరు పాటుపడతారు? రూపాయి వాణిజ్యం కింద సోవియట్ యూనియన్ పెద్దమొత్తంలో కొంటున్నంతకాలం ఈ ప్రశ్న పెద్దగా బాధించలేదు. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కోటాలు రద్దయ్యాయి, 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1990ల నడుమ పూల్ దశలవారీగా రద్దయి, రైతుకు తన కాఫీని తానే అమ్ముకునే హక్కు తిరిగివచ్చింది.

ఆ హక్కుతో పాటే అవసరం కూడా వచ్చింది. పేరు పెట్టి అమ్మాలంటే తన కాఫీలో ఏముందో తనకు తెలియాలి. కాఫీ బోర్డులో రెండు దశాబ్దాలకు పైగా రుచి పరీక్ష చేసిన సునాలినీ మీనన్ ఆ దశకంలోనే బెంగళూరులో కాఫీల్యాబ్ నెలకొల్పారు. ఆసియాలో ఈ వృత్తి చేపట్టిన తొలి మహిళగా ఆమెను పేర్కొంటారు. బోర్డు గదికి పరిమితమైన నైపుణ్యం రైతుకు అందే తోవలలో అదొకటి.

ఫిల్టరు నేర్పిన నాలుక

ఇదంతా జరుగుతున్న కాలంలో దక్షిణాది ఇళ్ళలో కాఫీకి వేరే తీర్పరులు ఉండేవారు. నిజాం రాజ్యంలో చాయ్ పాతుకుపోయింది గాని, మద్రాసు రాజధానిలో భాగమైన తెలుగు జిల్లాలు ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలకే కాఫీకి అలవాటు పడ్డాయి. చద్దన్నాన్ని వెళ్ళగొట్టిన పాపిష్టి పానీయమని పెద్దలు తిట్టారు. తిడుతూనే తాగారు. హాస్య రచయితలు దాని మీద దండకాలు కట్టారు.

ఆ ఇళ్ళ రసజ్ఞత కప్పింగ్ బల్లతో పోల్చదగినంత నిశితమైనదే. కాఫీ పొడి దుకాణం ముందు నిలబడి పీబెర్రీ ఇంత, ప్లాంటేషన్ ఇంత, చికోరీ ఇంత అని పాళ్ళు చెప్పి, కళ్ళెదుట వేయించి పట్టించుకునే గృహస్థుకు తన ఇంటి కాఫీ మీద స్పష్టమైన అభిప్రాయం ఉండేది. పొడి మరీ మెత్తనైతే డికాక్షన్ దిగదు, ముతకైతే నీళ్ళలా దిగిపోతుంది. ఫిల్టరులో పొడిని ఎంత అదమాలి, నీళ్ళు ఏ వేడిలో పోయాలి అన్నది చేతి లెక్క. మొదటి డికాక్షన్ ఇంటికి వచ్చిన పెద్దమనిషికి. రెండోది ఎవరికిచ్చారో వారి స్థానం చెప్పకనే చెప్పేది. పాలు పొంగు మీద ఉండగా కలపాలి. కలిపినది మళ్ళీ కాగితే ఆ కాఫీ చెడినట్టే.

ఈ రసజ్ఞతకు తనదైన ఆదర్శం ఉంది. అది చిక్కదనం, కమ్మటి చేదు, నాలుక మీద నిలిచే వాసన. దాని వెనక కారణాలు వెతకడం కష్టం కాదు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు కాఫీలోని వగరును పట్టి అణిచేస్తుంది. పాలకు, పంచదారకు ఎదురు నిలవాలంటే కాఫీ గాఢంగా ఉండాలి. అందుకే ముదురు వేపుడు, రోబస్టా పాలు, చికోరీ. చికోరీ ఒక మొక్క వేరు, దానిలో కెఫీన్ లేదు. వేయించితే మాడిన బెల్లపు వాసనను, డికాక్షన్‌కు చిక్కటి రంగును ఇస్తుంది. కాఫీకి కరువు వచ్చినప్పుడల్లా కల్తీగా ప్రవేశించి, రుచిగా స్థిరపడింది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని భారతదేశపు ఆహార నిబంధన.

ఇలా పెరిగిన నాలుకకు కాఫీలో పులుపు ఒక దోషం. పాలు విరుగుతాయేమోనన్న శంకను, పాచి డికాక్షన్‌ను గుర్తుచేసే రుచి అది. శాన్ ఫ్రాన్సిస్కో పరీక్షకులు ఎత్తు కొండల గింజను మెచ్చుకున్నదేమో సరిగ్గా ఆ పులుపును చూసే. పండిన నారింజలోనో ఆపిల్‌లోనో ఉండే చురుకైన పులుపు కాఫీకి ప్రాణం పోస్తుందని వారి మతం. పాలు లేకుండా, దోరగా వేయించి తాగినప్పుడు మాత్రమే తెలిసే గుణం అది. రెండు సంప్రదాయాలూ ఒకే గింజను రెండు వేరు వేరు పనులకు పరీక్షించాయి. ఒకదాని కొలబద్దతో రెండోదానికి మార్కులు వేస్తే వచ్చేది తీర్పు కాదు, అపార్థం.

తలుపు బయట నిలిచిన గుమాస్తా

రెండవ ప్రపంచయుద్ధం తరువాత అమెరికా కాఫీ రుచి విషయంలో దిగజారింది. పెద్ద కంపెనీలు డబ్బా ధర తగ్గించే పోటీలో చవక రోబస్టాను కలుపుకుంటూ పోయాయి. 1946 ప్రాంతంలో శిఖరాన్నందుకున్న తలసరి వినియోగం ఆ తర్వాత పడిపోతూ వచ్చింది. వ్యాపారులు ఏర్పరచుకున్న కాఫీ బ్రూయింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950లలో మంచి కప్పుకు కొలతలు కట్టాడు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం నీటిలోకి దిగాలి. అంతకు తక్కువైతే పులుపు, ఎక్కువైతే చేదు ముదురుతాయి. ఆ పట్టిక నేటికీ కాఫీ బడులలో పాఠమే. కానీ ఎంత చక్కగా కాచినా గింజ చవకదైతే ఫలితం చవకగానే ఉంటుంది.

గింజ సంగతి పట్టించుకున్నవారిలో ఇద్దరు అమెరికాకు వలస వచ్చినవారే. నెదర్లాండ్స్‌లో కాఫీ వేయించే ఇంట్లో పుట్టిన ఆల్ఫ్రెడ్ పీట్ 1966లో బర్క్లీలో చిన్న దుకాణం తెరిచి, ముదురుగా వేయించిన మేలు గింజలు అమ్మాడు. 1971లో సియాటిల్‌లో స్టార్‌బక్స్ మొదలుపెట్టినవారు అతని శిష్యులే. తొలినాళ్ళలో గింజలు కూడా అతని దగ్గరే కొన్నారు.

రెండవ వ్యక్తి ఎర్నా నట్సెన్. నార్వేలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన ఆమె శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక కాఫీ దిగుమతి సంస్థలో సెక్రటరీగా చేరారు. పెద్ద కంపెనీలు పట్టించుకోని చిన్న చిన్న మూటలను, వాటి విలువ తెలిసిన చిన్న వ్యాపారులకు అమ్మడం ఆమె పని అయింది. అమ్మే సరుకు రుచి తనకూ తెలియాలని ఆమె కోరితే, ఒక స్త్రీ కప్పింగ్ గదిలోకి వస్తే తాము పని మానేస్తామని అక్కడి మగవారు బెదిరించారని ఆమె తరువాతి కాలంలో చెప్పుకున్నారు. కొన్నేళ్ళకు తలుపు తెరుచుకుంది. 1974లో ‘టీ అండ్ కాఫీ ట్రేడ్ జర్నల్’కు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆమె వాడిన ‘స్పెషాల్టీ కాఫీ’ అన్న మాట ఒక పరిశ్రమకే పేరయింది. ప్రత్యేకమైన నేల, ప్రత్యేకమైన వాతావరణం ప్రత్యేకమైన రుచినిస్తాయన్నది ఆమె భావన. ఆ గదిలో కూర్చునే హక్కు ఉన్నవారు పెద్ద మొత్తాల బేరంలో మునిగి వదిలేసిన సంగతిని, హక్కు లేనిదై వెలుపల నిలబడ్డ మనిషి పట్టుకున్నారు. తరువాత ఆ సంస్థను ఆమే కొన్నారు.

వంద మార్కులు, ఒక చక్రం

1982లో అమెరికాలో స్పెషాల్టీ కాఫీ సంఘం ఏర్పడింది. దాని చేతుల్లో కప్పింగ్ ఒక ప్రమాణ పద్ధతి అయింది. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి, 93 డిగ్రీల సెల్సియస్ వేడి. వాసన, రుచి, మింగాక మిగిలేది, పులుపు, చిక్కదనం, సమతూకం, గిన్నెల మధ్య ఏకరూపత, శుభ్రత, తీపి, మొత్తం మీద అభిప్రాయం అన్న పది అంశాలకు పదేసి మార్కులు. 80 లేదా అంతకు పైన వస్తే స్పెషాల్టీ. దోషాలు వెతికిన బల్ల గుణాలు వెతకడం మొదలుపెట్టింది.

గుణాలకు పేర్లు కావాలి. 1995లో ఆ సంఘం రుచుల చక్రాన్ని ప్రచురించింది. 2016లో దానిని పూర్తిగా తిరగరాశారు. అందుకు ఆధారం వరల్డ్ కాఫీ రీసెర్చ్ అనే సంస్థ కోసం కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కూర్చిన రుచుల నిఘంటువు. అందులో వందకు పైగా గుణాలకు నిర్వచనాలున్నాయి. ఒక్కో గుణానికీ, వాసన చూసి పోల్చుకోవడానికి ఒక వస్తువు. ఆ వస్తువులలో చాలామటుకు అమెరికా కిరాణా కొట్ల అరల మీద దొరికేవి. శాస్త్రదృష్టితో అది సరైన పనే. కొలతకు స్థిరమైన గుర్తు కావాలి. కానీ బ్లూబెర్రీ ఎన్నడూ తినని రైతుకు తన కాఫీలో బ్లూబెర్రీ ఉందన్న మాట ఏం చెబుతుంది? నేరేడుపండు వగరు, రేగుపండు పులుపు, తాటిబెల్లం తీపి, పనసతొన వాసన, చింతచిగురు, కరక్కాయ అంటే అతనికి తెలుస్తుంది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అని ఆరు రుచులను లెక్కించిన భాష తెలుగు. వగరుకు విడిగా పేరు ఉండటం కాఫీ పరీక్షకుడికి పెద్ద సౌకర్యం. ఇంగ్లీషులో కొత్తగా నేర్చుకునేవారు చేదును, పులుపును, వగరును కలగాపులగం చేసుకోవడం శిక్షకులు తరచుగా చూసేదే.

చక్రం, మార్కులు రైతుకూ పనికొచ్చిన సందర్భాలు ఉన్నాయి. 1999లో బ్రెజిల్‌లో మొదలైన ‘కప్ ఆఫ్ ఎక్సలెన్స్’ పోటీ, పరీక్షకులు ఎంచిన కాఫీని రైతు పేరుతో ఇంటర్నెట్ వేలానికి పెట్టింది. అంతకంటే పాఠం నేర్పేది పనామా ఉదంతం. అక్కడ లా ఎస్మెరాల్డా తోటలో ఇథియోపియా నుంచి టాంజానియా, కోస్టారికాల మీదుగా వచ్చిన గేషా అనే రకం చెట్లు మిగతా చెట్లతో కలిసి ఉండేవి. కాపు తక్కువ కావడంతో వాటిని ఎవరూ లెక్కచేయలేదు. తోట యజమానులైన పీటర్సన్ కుటుంబంవారు తమ తోటలోని ఒక్కో భాగపు గింజలను విడివిడిగా కాచి తాగి చూసినప్పుడు, ఒక ఎత్తైన భాగంలోని కాఫీ మల్లెపూల వాసనతో వేరుగా తేలింది. 2004 పోటీలో అది గెలిచి, వేలంలో పౌను 21 డాలర్లు పలికింది. అప్పటికి అది రికార్డు. పండించినవారు తమ పంటను తామే రుచి చూడకపోతే ఆ మల్లెల వాసన రాశిలో కలిసిపోయి ఉండేది.

అరకు

తూర్పు కనుమలలో కాఫీ తోటలు ఆంగ్లేయుల కాలంలోనే అక్కడక్కడా వెలిశాయి. విశాఖ మన్యంలో, అంటే నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అది ఆదివాసీ రైతుల పంటగా పెరిగింది స్వాతంత్ర్యానంతరం. పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా, అడవి నీడ నిలిచే పంటగా ప్రభుత్వ శాఖలు దానిని ప్రోత్సహించాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగల మధ్య, ఒక్కో కుటుంబానికి ఎకరమో రెండెకరాలో. నేల, ఎత్తు, నీడ అన్నీ మేలు కాఫీకి అనువైనవే. కానీ పచ్చి, దోర, ఎర్ర పండ్లను ఒకేసారి దూసి, వాకిట్లో ఎండబోసి, సంతలో తూకానికి అమ్మితే ఆ మేలంతా పోతుంది. పండును పండుగా ఏరితే సంతలో దళారి ఎక్కువ ఇవ్వడు. ఇవ్వనప్పుడు నాలుగైదు విడతలుగా కోత కోయడం రైతుకు నష్టం. మైసూరు పూల్‌లో జరిగినదే ఇక్కడ చిన్న స్థాయిలో జరిగింది.

మార్పు రెండు వైపుల నుంచి వచ్చింది. గిరిజన సహకార సంస్థ రైతుల నుంచి నేరుగా కొనుగోలు చేసి ‘అరకు వ్యాలీ’ పేరుతో అమ్మింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే నాంది ఫౌండేషన్ ఈ శతాబ్ది మొదటి దశకంలో రైతుల సహకార సంఘం ఏర్పాటుకు తోడ్పడింది. పండిన ఎర్ర పండ్లను మాత్రమే తీసుకుని, అదే రోజు గుజ్జు తీయించి, ఎత్తైన మంచెల మీద ఆరబెట్టే ఏర్పాటు చేసింది. ఏటా ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పేరిట పరీక్షకులను రప్పించి, రైతుల కాఫీలను ఆ కొండల దగ్గరే కప్పింగ్ బల్ల మీద పెట్టించింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో దుకాణం వెలిసింది. మరుసటి ఏడు అక్కడి ‘ప్రీ ఎపిక్యూర్’ పోటీలో ఆ కాఫీకి స్వర్ణ పురస్కారం దక్కింది. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలు రెంటికీ వర్తిస్తుంది.

పారిస్ బహుమతి వార్తాపత్రికలకు అందిన విశేషం. చరిత్ర దృష్టితో అంతకంటే పెద్దది కొండ మీదకు వచ్చిన ఆ బల్ల. శాన్ ఫ్రాన్సిస్కోలో కొనేవాడి గదిలో పుట్టి, తొంభై ఏళ్ళకు ఒక స్త్రీకి తలుపు తీసిన బల్ల అది. దాని మీద రైతు కాఫీ, రైతు పేరుతో, రైతు ఊరికి దగ్గరగా నిలిచింది. కొండదొర, భగత కుటుంబాల పిల్లలు ఆ చెంచా పట్టి, ఈ గిన్నెలో కాఫీ ఆరబెట్టడంలో చెడింది, ఆ గిన్నెలోది బాగుంది, అది మన వాలు మీది తోటదే అని తేల్చి చెప్పగలిగే స్థాయి వచ్చినప్పుడే ఆ ప్రయాణం పూర్తయినట్టు. బయటి తీర్పరి మెచ్చుకోలు మీద మాత్రమే ఆధారపడిన ధర, అతని అభిరుచి మారిన ఏడు మారిపోతుంది.

రెండు ప్రశ్నలు

2023లో స్పెషాల్టీ కాఫీ సంఘం తన పాత మార్కుల పద్ధతి స్థానంలో కొత్త పద్ధతిని ప్రవేశపెట్టింది. పాత కాగితం మీద కాఫీలో ఏముంది అన్నదీ, అది పరీక్షకుడికి నచ్చిందా అన్నదీ ఒకే అంకెలో కలిసిపోయేవి. కొత్త పద్ధతిలో వర్ణనకు ఒక కాగితం, ఇష్టానికి ఒక కాగితం. గింజ భౌతిక స్థితికీ, పండిన చోటు వంటి బయటి సమాచారానికీ వేరే కాగితాలు. పులుపు ఎక్కువ అన్నది పరిశీలన. పులుపు బాగుంది అన్నది అభిరుచి. నూటపాతికేళ్ళ వర్తక చరిత్ర వీటిని ఒకటిగా చూపిస్తూ వచ్చింది. కొనుగోలుదారు అభిరుచే వస్తువు గుణమన్నట్టు ధర కట్టింది.

విదేశాలలోని తెలుగు ఇళ్ళలో స్టీలు ఫిల్టరూ, పక్కనే సన్నని ముక్కున్న కెటిలూ కలిసి కనిపించడం ఇప్పుడు అరుదు కాదు. దోర వేపుడు కాఫీ మొదటిసారి తాగి ‘ఇదేమిటి, పులిసింది’ అన్న పెద్దవారి మాటలో పరిశీలన తప్పు కాదు. ఫిల్టరు కాఫీని చికోరీ నీళ్ళని తీసిపారేసే కొత్త రసజ్ఞుడిదే తొందరపాటు. రుచి చూడటం నేర్చుకోదలచినవారికి పరీక్షకుల బల్ల ఇచ్చే సలహా చాలా సాదాది. ఒక్క కాఫీని తాగి తీర్పు చెప్పవద్దు. ఒకే కొలతలో రెండింటిని పక్కపక్కన పెట్టి, పాలు లేకుండా ఒకసారి, పాలతో ఒకసారి, వేడిగా ఒకసారి, చల్లారాక ఒకసారి చూడాలి. తేడా ఏమిటో ముందు తెలిసిన మాటలలో, తెలిసిన పండ్ల పేర్లతో చెప్పాలి. ఏది నచ్చిందో ఆ తరువాత చెప్పాలి. ఆ రెండు గిన్నెలలో ఒకటి అరకుదీ, ఇంకొకటి చిక్కమగళూరుదీ అయితే, వాటి మధ్య తేడాకు మాటలు వెతకవలసినది తెలుగులోనే.